రెండు మిల్లీగ్రాములు

నల్లకుంట ప్రెస్సులో, మెషీన్ల గది పైన
సాంఘికశాస్త్రం ప్రూఫులు నా ముందు.
కాకతీయుల చెరువుల దగ్గర మొదలుపెట్టి
మూడో వాక్యానికల్లా
కేబుల్ వైరు మీద పోయే ఉడుత వెంట పోయాను.
అటునుంచి, గ్యాస్ బుక్ చేశానా అన్న చోటికి,
అక్కణ్ణుంచి, చిన్నప్పటి సైకిలు సీటు ఏ రంగు అన్న చోటికి.
తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది.
వాళ్ళింకా చెరువు తవ్వుతూనే ఉన్నారు.

సొరుగు లాగి, రేకు చించి
ఒక బిళ్ళ నోట్లో వేసుకుంటాను.
నాలుగుసార్లు కొరికి బుగ్గన పెట్టుకోవాలని
అట్ట మీద రాసుంది.
సిగరెట్ మానేవాళ్ళ కోసమని కూడా రాసుంది.
నేనెప్పుడూ తాగలేదు.
మానడానికి నా దగ్గర ఏమీ లేదు.

శంకర్‌మఠం దగ్గర మెడికల్ షాపు పిల్లాడు
రెండేళ్ళుగా జాలిపడుతున్నాడు:
"సార్ ఇంకా మానలేదా మేడం?"
"మానుతున్నాడు బాబూ, మెల్లగా."
ఆ సారెవరో నాకూ తెలీదు.

మొదట మిరియం ఘాటు. ఒక ఎక్కిలి.
అప్పటిదాకా తల కోఠి బస్టాపు:
వచ్చిన ప్రతి బస్సూ నాదే అనిపించి
ప్రతి దాని వెనకా పరిగెత్తి, ఏదీ ఎక్కక.
ఇప్పుడు ఒకే బస్సు వస్తుంది.
సీటు కూడా ఉంటుంది.
వత్తులు వచ్చి తమ తమ అక్షరాల కింద కూర్చుంటాయి.
'ప్రధమ' పొట్టలో చుక్క పెట్టి 'ప్రథమ' చేస్తాను.
నలభై నిమిషాలు.
ఆ తర్వాత ఉడుత మళ్ళీ వస్తుంది.

నలభై ఒకటో ఏట, ఎర్రగడ్డ ఓపీలో
డాక్టరమ్మ నా జబ్బుకు పేరు చెప్పింది.
నాలుగు ఇంగ్లిషు అక్షరాలు,
అందులో ఒక్కటే అచ్చు.
(బడిలో శకుంతల టీచర్ ఇంకా చిన్నగా చెప్పేది:
"అంగట్ల తప్పిపోయిన పిల్ల.")
మందు రాసిచ్చింది. అది నాకు దొరికిన నెలలు రెండు.
బిళ్ళ సంగతి చెబితే కళ్ళజోడు తీసింది:
"ఇది వైద్యం కాదమ్మా. అలవాటు పడతావు."
పడ్డాను, అప్పటికే.

నాన్న సుల్తాన్‌బజార్లో సీసం అక్షరాలు కూర్చేవాడు.
పెదవి చివర బీడీ, వేళ్ళకు నల్లటి మసి.
బీడీ ఆరితే వరస చెదిరేది,
'క' గడిలోంచి 'ఘ' తీసేవాడు,
నట్టు వెతకబోయి గోడ గడియారం విప్పేవాడు.
"బీడీ లేకుంటే చేతులాడవా నీకు?" అనేది అమ్మ.
"ఆడతయ్," అనేవాడు, "మస్తు ఆడతయ్. గందుకే."

మేం నవ్వేవాళ్ళం.
యాభై రెండుకే పోయాడు.
సీసమో, పొగో,
ఏదో ఎవరూ తేల్చలేదు.
ఆ నాలుగక్షరాలు ఆయనకెవరూ కూర్చిపెట్టలేదు.

రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది.
నోట్లో ఏమీ లేదు, దవడ ఆడుతూ ఉంటుంది.
గుండె కింద, రాత్రి పాళీ మెషీను నడుస్తున్నట్టు.
చీకట్లోనే లెక్కేస్తాను:
మొన్న అయిదు. నిన్న ఏడు.
ఇవాళ ఉదయం రెండిటితో సరి అనుకున్నాను,
ఆ అనుకోవడాన్ని మధ్యాహ్నానికే ఎక్కడో పెట్టి మరిచాను.

సాయంత్రం వాన.
"మూడు స్ట్రిప్పులా మేడం? సార్‌కి ఎక్కువైనట్టుంది."
"అవును, ఎక్కువైంది," అన్నాను.
మొదటిసారి నిజం చెప్పినట్టుంది.
"ఒకసారి తీసుకురండి, నేను చెబుతా," అన్నాడు,
పాతికేళ్ళుండవు, పెద్దరికంగా.
తెస్తానన్నాను.

విద్యానగర్ స్టేషను దాటాక గుర్తొచ్చింది,
డబ్బులిచ్చి స్ట్రిప్పులు కౌంటరు మీదే వదిలేశానని.
గొడుగు మాత్రం జాగ్రత్తగా తెచ్చుకున్నాను.
అది నాది కాదు.